తాళం పోయిందా, స్విచ్ పోయిందా

పాత పికప్ ఉన్నోళ్లకి ఏదో ఒక రోజు ఇది తప్పదు. తాళం పెడితే తిరగదు. లేదా తిరుగుతుంది గానీ బండి ఉలకదు పలకదు. లేదంటే స్టార్ట్ అయ్యాక తాళం ఊడి చేతిలోకి వచ్చేస్తుంది, ఇంజన్ మాత్రం దాని మానాన అది నడుస్తానే ఉంటుంది. మూడింటికీ మనం మిస్త్రీ దగ్గర చెప్పేది ఒకటే మాట, "ఇగ్నిషన్ పోయింది". ఆయన కూడా ఎక్కువ ఆలోచించడు, మొత్తం సెట్టు మార్చేద్దాం అంటాడు, కాదంటే రెండు వైర్లు బయటికి లాగి డాష్‌బోర్డు కింద ఒక బటన్ బిగించి పంపేస్తాడు. మా మావయ్య బండికి మొన్నామధ్య ఇదే పని పడింది, దగ్గరుండి విప్పి మేమే మార్చుకున్నాం. పోయింది తాళమా, వెనకున్న స్విచ్చా అన్నది ముందు తేల్చుకుంటే సగం డబ్బూ సగం తలనొప్పీ మిగిలిపోతాయి, అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. కాగితం మీద ఒడిశా, గజపతి జిల్లా, బజార్లో మాత్రం ఒరియా ఎంత వినబడుద్దో తెలుగూ అంతే వినబడుద్ది, ఊరు దాటితే పాతపట్నం, అక్కడి నుంచి ఆంధ్రా. మావయ్య పికప్ వేసవిలో కొండ మీద నుంచి జీడిపిక్కలు పలాస మోస్తుంది, తర్వాత అనాస పళ్లు, పనస, ఖాళీ రోజుల్లో సిమెంటు బస్తాలు, పెళ్లి వంట సామాన్లు, ఏదొస్తే అది. ఇలాంటి బండికి తాళం బతుకు ఎలా ఉంటుందో ఆలోచించండి. కారు వాడు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తిప్పుతాడు. మా బండి ప్రతి ఊరి దగ్గరా ఆగుతుంది, ప్రతి తోట దగ్గరా ఆగుతుంది, డీజిల్ దండగ అని ఆగినప్పుడల్లా ఆఫ్ చెయ్యడం, మళ్లీ తిప్పడం, పైగా ఎర్రమట్టి దుమ్ము, చెమట చేతులు. ఇన్నేళ్లు పనిచెయ్యడమే గొప్ప.

చాలాకాలం నుంచి దానికో కిటుకు ఉండేది. తాళం పూర్తిగా లోపలికి తొయ్యాలి, మళ్లీ ఒక గోరంత బయటికి లాగాలి, కొంచెం పైకెత్తి తిప్పాలి. మా డ్రైవర్ కుర్రోడికి ఆ పట్టు చేతిలో ఉంది, చూడకుండా తిప్పేసేవాడు. ఇంకెవరైనా ఎక్కితే తిప్పలే. మావయ్య అయితే దాన్ని ఒక సెక్యూరిటీ ఫీచర్ కింద చెప్పుకునేవాడు, "మన బండి దొంగోడు కూడా పట్టుకెళ్లలేడు" అని. వానలు మొదలయ్యాక ఆ కిటుకు కూడా పనిచెయ్యడం మానేసింది, లోడు వేసుకుని దారిలో నిలబడిపోవడం మొదలయ్యింది, అప్పుడు గానీ ఇంట్లో దీని మీద మాట రాలేదు.

ముందు లోపల ఏముంటుందో చెప్తాను, ఇది తెలీకపోతే మిగతాదంతా గాల్లో మాటే. మనం తాళం పెట్టే ఇత్తడి బొక్క ఉంది కదా, అది సిలిండర్, షాపుల్లో బ్యారల్ అని కూడా అంటారు. దాని పని ఒక్కటే, సరైన తాళం పడితే తిరగడం, కాకపోతే తిరక్కపోవడం. దానికి కరెంటుతో సంబంధం లేదు. సిలిండర్ తోక వెనక వైపు వెళ్లి ఇంకో డబ్బాని తిప్పుతుంది, అదీ అసలు స్విచ్, వైర్లన్నీ దానికి. ఈ రెంటికీ మధ్య స్టీరింగ్ లాక్, అంటే తాళం తీసేశాక స్టీరింగ్ రాడ్డు గాడిలోకి దిగి కూర్చునే ఒక ఇనప ముక్క. మూడూ ఒకే గొట్టంలో ఉంటాయి కాబట్టి మూడింటినీ కలిపి ఇగ్నిషన్ అనేస్తాం, షాపువాడు కూడా మూడూ కలిపే అమ్మడానికి చూస్తాడు. చాలా బండ్లకి విడివిడిగా దొరుకుతాయి.

సిలిండర్ లోపల పల్చటి ఇత్తడి రేకులు వరసగా ఉంటాయి, ఒక్కోదాని కింద సన్నటి స్ప్రింగు. తాళం లేనప్పుడు ఆ రేకులు బయటికి పొడుచుకొచ్చి చుట్టూ ఉన్న గొట్టంలో ఇరుక్కుంటాయి, అందుకే తిరగదు. సరైన తాళం పెడితే దాని పళ్ల ఎత్తుపల్లాలకి రేకులన్నీ ఒకే మట్టానికి వస్తాయి, ప్రార్థనలో పిల్లల్ని మాస్టారు లైనుకి సర్దినట్టు, అప్పుడు సిలిండర్ ఫ్రీ. ఇందులో ఒక్క రేకు ఒక వెంట్రుకవాసి పైకో కిందకో ఉన్నా అంతే సంగతులు. ఏళ్ల తరబడి తిప్పగా తిప్పగా తాళం పళ్లు అరుగుతాయి, రేకులూ అరుగుతాయి. కొంచెం లాగి పైకెత్తితే తిరుగుతుంది అంటే అరిగిపోయిన పళ్లని చేత్తో సర్దుతున్నాం అన్నమాట, మావయ్య చెప్పుకునే సెక్యూరిటీ అదీ.

ఇంక పరీక్షలు. తాళం తిరగకపోతే వెంటనే సిలిండర్ మీద నెపం వెయ్యకండి, ముందు స్టీరింగ్ కదపండి. బండి ఆపేటప్పుడు చక్రం వంకరగా ఉండి, బరువంతా ఆ లాక్ ముక్క మీద పడితే తాళం ఎంత తిప్పినా తిరగదు. ఒక చేత్తో స్టీరింగ్ అటూ ఇటూ ఊపుతూ ఇంకో చేత్తో మెల్లగా తిప్పితే వచ్చేస్తుంది. ఇది తెలీక తాళం లోపల విరగ్గొట్టుకున్నవాళ్లు ఉన్నారు, విరిగిన ముక్క తీయించుకోవడం ఇంకో ప్రహసనం.

తర్వాత రెండో తాళం వెతకండి. బండి కొన్నప్పుడు రెండిస్తారు, ఒకటి రోజూ వాడతాం, రెండోది ఎక్కడో మూలుగుతుంటుంది. మా ఇంట్లో అది అత్తయ్య బీరువాలో ఆర్‌సీ కవర్‌లో దొరికింది, కొత్త పెళ్లికూతురు లెక్కన మెరిసిపోతా ఉంది, పక్కపక్కన పెట్టి చూస్తే రోజువారీ తాళం పళ్లు సగం లేవు. రెండో తాళం సాఫీగా తిరిగితే మీ సిలిండర్ బానే ఉంది, అరిగింది తాళం, దానికి కాపీ చేయించుకుంటే పని అయిపోయింది. కానీ కాపీ మాత్రం ఆ కొత్తదాని నుంచే చేయించాలి. అరిగిన తాళం ఇచ్చి డూప్లికేట్ కొట్టిస్తే ఆ మిషన్ అరుగుదలని కూడా యథాతథంగా దింపుతుంది, పుట్టుకతోనే ముసలి తాళం వస్తుంది. ఊళ్లో సగం డూప్లికేట్లు పనిచెయ్యకపోవడానికి ఇదే కారణం, తిట్లు మాత్రం తాళాలు చేసేవాడికి పడతాయి.

మా బండికి రెండో తాళంతో తిరిగింది గానీ పూర్తి సాఫీగా కాదు, పైగా ఆన్‌లో ఉండగా లాగితే ఊడి వచ్చేసింది. ఆన్‌లో తాళం బయటికి రాకూడదు, వచ్చిందంటే రేకులు దాన్ని పట్టుకోవడం లేదు, అంటే సిలిండర్ అయిపోయింది. అదీ తీర్పు.

తాళం చక్కగా తిరిగి బండి పలక్కపోతే మాత్రం సిలిండర్ జోలికే పోకండి. హెడ్‌లైట్ వేసి సెల్ఫ్ కొట్టి చూడండి. లైటు బాగా డిమ్ అయిపోతే బ్యాటరీ నీరసం, లేదా టెర్మినళ్ల దగ్గర తుప్పు. లైటు చెక్కు చెదరకుండా వెలుగుతా ఉండి, సెల్ఫ్ దగ్గర టక్‌మని చప్పుడు కూడా లేకపోతే కరెంటు అక్కడి దాకా వెళ్లట్లేదు, స్విచ్చో రిలేనో మధ్యలో వైరో. స్విచ్ వెనక ఒక వైరు ఎప్పుడూ లైవ్, బ్యాటరీ నుంచి వచ్చేది, మిగతావి ఏసీసీ (ఇంజన్ లేకుండా రేడియో లాంటివాటికి కరెంటిచ్చే మెట్టు), ఆన్, స్టార్ట్. టెస్ట్ ల్యాంప్, అంటే రెండు వైర్లున్న చిన్న బల్బు, ఒక కొస బాడీకి తగిలించి, ఇంకో కొస స్టార్ట్ వైరుకి పెట్టి ఎవరినైనా తాళం తిప్పమనాలి. వెలిగితే స్విచ్ మంచిది. లైవ్ వైరు దగ్గర వెలిగి ఇక్కడ వెలక్కపోతే స్విచ్ పోయింది, తాళం కాదు. వైరు రంగులు మాత్రం నమ్మొద్దు, పాత బండికి ఎంతమంది ఎలక్ట్రీషియన్లు చెయ్యి పెట్టుంటారో, ఎవరి చేతికి దొరికిన వైరు వాళ్లు అతికించుంటారు.

ఇంకొకటుంది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. స్టార్ట్ దాకా తిప్పి వదిలితే తాళం దానంతటదే ఆన్‌కి వెనక్కి రావాలి. స్ప్రింగు నీరసించి, లేదా సిలిండర్ బిగుసుకుపోయి అక్కడే ఉండిపోతే ఇంజన్ తిరుగుతున్నా సెల్ఫ్ మోటార్‌కి కరెంటు వెళ్తానే ఉంటుంది. కాసేపటికి మోటార్ కాలిపోద్ది. సెల్ఫ్ మోటార్ రేటు ముందు సిలిండర్ రేటు ఒక లెక్కలోది కాదు.

ఇప్పుడు బటన్ గొడవ. మిస్త్రీ దగ్గరకి తీసుకెళ్తే ఆయన ఒక చూపు చూసి, "దీనికంత పెంట ఎందుకు బావూ, ఒక టంబ్లర్ స్విచ్చు, ఒక పుష్ బటన్ ఎట్టేస్తాను, అరగంటలో ఎల్లిపోవచ్చు" అన్నాడు. మావయ్య అప్పటికే సై. "ఏటి అల్లుడూ, తాళానికి అంత పెద్ద సదువా, పాత జీపులకి తాళమెట్టే స్టార్ట్ సేసీవోళ్లమా, కాలితో బటన్ తొక్కితే సెల్ఫ్ కొట్టేది" అని నా మీదకి వచ్చాడు. ఆ మాట అబద్ధం కాదు. కరెంటు సెల్ఫ్ వచ్చిందే 1912 కాడిలాక్ కార్లలో, కెట్టరింగ్ అనే ఇంజనీరు పని అది, అంతకుముందు హ్యాండిల్ తిప్పడమే. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు తాళం వేరు, సెల్ఫ్ బటన్ వేరు. తాళం తిప్పితేనే సెల్ఫ్ కొట్టే ఏర్పాటు క్రైస్లర్ వాళ్లు 1949లో తెచ్చారు. మన పాత జీపులకి ఫుట్ స్టార్టర్ ఉండేది, మావయ్య తొక్కింది అదే.

అయితే ఆ జీపుకి స్టీరింగ్ లాక్ లేదు, దీనికి ఉంది. తేడా అక్కడే. కార్లకి దొంగతనం నిరోధక తాళాలు అమెరికాలో 1970 నుంచి రూలు చేశారు, జర్మనీలో అయితే అంతకన్నా ముందే స్టీరింగ్ లాక్ తప్పనిసరి, అదే పద్ధతి అన్ని దేశాల బండ్లకీ పాకింది. బటన్ పెట్టినంత మాత్రాన ఆ లాక్ మాయమైపోదు, అరిగిపోయిన సిలిండర్ వెనకే కూర్చుని ఉంటుంది. అందుకే బటన్ పెట్టేవాళ్లు చాలామంది సుత్తీ ఉలీ పెట్టి ఆ లాక్ ముక్కని కూడా విరగ్గొట్టేస్తారు. అప్పుడు బండికి తాళమూ లేదు, లాకూ లేదు, డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టగలిగిన ప్రతివాడూ ఓనరే. విరగ్గొట్టకుండా వదిలేస్తే ఇంకో భయం, నడుస్తున్నప్పుడు ఎవరైనా అలవాటు కొద్దీ ఆ పాత తాళం తిప్పి లాగితే లాక్ దిగే అవకాశం.

ఇంకో మాట చెప్పాలి, మా వైపు డ్రైవర్లకి కోపం వచ్చినా పర్లేదు. ఆర్ ఉదయగిరి వైపు ఘాట్ దిగేటప్పుడు డీజిల్ మిగులుద్దని ఇంజన్ ఆఫ్ చేసి బండిని దొర్లించే అలవాటు కొందరికి ఉంది. ఇంజన్ ఆగితే బ్రేకు బూస్టర్‌కి, అంటే పెడలు తేలిగ్గా దిగేలా సాయపడే డబ్బాకి, వాక్యూమ్ ఇచ్చే పంపు ఆగుద్ది, రెండు మూడు సార్లు తొక్కేసరికి పెడలు రాయి అయిపోద్ది. పవర్ స్టీరింగ్ ఉంటే అదీ బిగుసుకుంటుంది. దీనికి తోడు అరిగిన తాళం, ఏ గుంట దగ్గర ఏసీసీ దాటి లాక్‌కి జారుద్దో తెలీదు. మిగిలే అర లీటరు డీజిల్‌కి ఇంత జూదం ఏంట్రా బాబూ.

బటన్ వేసుకుని ఇంటికి చేరడం వరకూ ఓకే, నేను కూడా కాదనను, కొండ మీద చీకటి పడుతుంటే అదే దేవుడు. దాన్నే సంసారం చేసుకోవడం వద్దంటున్నాను. మిస్త్రీ కాసేపు మొహం మాడ్చుకున్నాడు, తర్వాత "సరే సామాను తెచ్చుకోండి, ఎట్టేద్దాం" అన్నాడు. మంచోడే.

సామాను దగ్గర రెండు దారులు. ఒకటి, పూర్తి లాక్ సెట్టు, అంటే ఇగ్నిషన్, రెండు డోర్లు, డీజిల్ ట్యాంకు మూత, అన్నిటికీ ఒకే తాళం. రెండోది ఒట్టి ఇగ్నిషన్ సిలిండర్, చవక, కానీ దానికో తాళం, డోర్లకి పాత తాళం. మూడో దారి కూడా ఒకటి ఉంది, ఓపికున్న తాళాలాయన దొరికితే కొత్త సిలిండర్ విప్పి పాత తాళానికి సరిపడే రేకులు అందులో సర్ది ఇస్తాడు, అప్పుడు ఒకటే తాళం. రోడ్డు పక్కన గొడుగు కింద తాళాల గుత్తి వేలాడదీసుకుని కూర్చునే వాళ్లని తక్కువ అంచనా వెయ్యకండి. పూర్తిగా పోయిన తాళానికి కూడా వాళ్లు తాళం చేస్తారు, ఖాళీ తాళాన్ని దీపం మసికి పట్టి నల్లగా చేసి బొక్కలో పెట్టి బలంగా అటూ ఇటూ తిప్పి తీస్తారు, రేకులు తగిలిన చోట మసి చెదురుతుంది, ఆ గీతల దగ్గర ఆకురాయితో కొంచెం రాకుతారు, మళ్లీ మసి, మళ్లీ పెట్టడం. చూస్తా ఉంటే టైమే తెలీదు. నేను టీ తాగడం మర్చిపోయి చూశాను.

మావయ్య ఒట్టి సిలిండరే చాలన్నాడు. కొనేటప్పుడు బండి మోడల్ పేరు చెప్తే చాలదు, ఒకే పేరుతో ఏళ్ల తరబడి వచ్చిన బండ్లకి మధ్యలో సిలిండర్ మారిపోయి ఉంటుంది. టాటా 207 అనే బండి చూడండి, ఆ 207 అంకె ఎన్ని ఏళ్లు ఎన్ని రూపాల్లో తిరిగిందో, షాపులో "207కి ఇవ్వండి" అంటే వాడు మాత్రం ఏమివ్వగలడు. పాత సిలిండర్ విప్పి చేత్తో పట్టుకెళ్లడం మేలు, అది కుదరకపోతే ఛాసిస్ నంబర్ రాసుకెళ్లండి. చూడాల్సింది వెనక తోక ఆకారం, పొడుగు, పక్కనుండే చిన్న పిన్ను ఎక్కడుందో. ముందు మొహం ఒకేలా ఉండి తోక తేడాగా ఉన్నవి బోలెడు. మాకు ఊళ్లో దొరకలేదు, టెక్కలిలోనూ లేదు, శ్రీకాకుళం వెళ్లే బస్సు కండక్టర్‌కి ఫోటో పంపి తెప్పించుకున్నాం, సరిహద్దు ఊళ్లలో ఇదొక సుఖం, బరంపురంలో లేనిది శ్రీకాకుళంలో, అక్కడ లేనిది ఇక్కడ.

విప్పడం. మొదట బ్యాటరీ నెగటివ్ వైరు తీసెయ్యాలి, ఆ లైవ్ వైరు బాడీకి తగిలితే ఏం జరుగుద్దో చెప్పక్కర్లేదు. మాది ఎయిర్‌బ్యాగ్ లేని పాత బండి, ఎయిర్‌బ్యాగ్ ఉన్నదైతే బ్యాటరీ తీశాక కాసేపు ఆగాలి, ఆ పని తెలిసినవాడికే వదిలెయ్యడం మంచిది. అలాగే తాళంలో చిప్ ఉండే బండ్లకి ఒట్టి సిలిండర్ మారిస్తే చాలదు, కొత్త తాళాన్ని బండి కంప్యూటర్ గుర్తుపట్టాలి, లేదా పాత చిప్‌ని కొత్త తాళంలోకి మార్చాలి. యూరప్‌లో కొత్త కార్లకి 1998 నుంచి ఆ చిప్ తప్పనిసరి చేశారు, మన పాత పికప్‌లకి ఆ బాధ లేదు.

స్టీరింగ్ కింద ప్లాస్టిక్ కవరుకి కింది వైపు నుంచి స్క్రూలు ఉంటాయి, అవి తీస్తే కవరు రెండు చెక్కలుగా విడిపోతుంది. పాత ప్లాస్టిక్ ఎండి పెళుసుగా ఉంటుంది, లాగితే పళ్లు విరుగుతాయి, మెల్లగా. లోపల మట్టి చూసి మావయ్యే నోరెళ్లబెట్టాడు, ఒక మొక్క నాటొచ్చు. గుడ్డా బ్రష్షూ పెట్టి తుడిస్తే గొట్టం పక్కన అగ్గిపుల్ల మొన పట్టేంత చిన్న బొక్క కనబడుతుంది. కీలకం అదే. తాళాన్ని ఏసీసీ దగ్గర పెట్టి, ఆ బొక్కలోకి సన్నటి గట్టి ఊచ ఏదైనా పెట్టి లోపలున్న పిన్నుని నొక్కిపట్టి, ఇంకో చేత్తో తాళంతో పాటు సిలిండర్‌ని ముందుకి లాగాలి. ఏసీసీలో లేకపోతే పిన్ను బొక్కకి ఎదురుగా రాదు, ఎంత పొడిచినా దండగ. కొన్ని బండ్లకి ఈ పిన్ను పద్ధతి కాకుండా స్క్రూ ఉంటుంది, విప్పేముందు ఒకసారి టార్చి వేసి చూసుకోండి.

మాకు ఇక్కడే సతాయించింది. తాళం ఏసీసీ దగ్గర నిలబడట్లేదు, ఆన్‌కి జారిపోతుంది లేదా వెనక్కి వచ్చేస్తుంది. బీరువాలోని తాళంతో మావయ్య ఊపిరి బిగబట్టి పట్టుకుంటే నేను ఊచ పెట్టి నొక్కాను, పిన్ను చుట్టూ ఏదో జిగురు, కదలదు. అప్పుడు బయటపడింది సంగతి. ఏళ్ల తరబడి తాళం బిగుసుకున్నప్పుడల్లా మావయ్య అందులో కొబ్బరినూనె వేస్తున్నాడు. నూనె వేసిన రోజు హాయిగా తిరుగుద్ది, ఎవరు కాదన్నారు. తర్వాత ఆ నూనె దుమ్ముని పట్టుకుంటుంది, రెండూ కలిసి ముద్దవుతాయి. పైగా కొబ్బరినూనె చలికి గడ్డకడుతుంది, మహేంద్రగిరి వైపు చలికాలం పొద్దున్నే సీసాలో నూనె తెల్లగా బిగుసుకుంటుంది కదా, తాళం లోపల మాత్రం బిగుసుకోదా? చలికాలంలో పొద్దున పూట బండి మొండికేసేది ఇందుకే, మధ్యాహ్నానికి మళ్లీ మామూలయ్యేది, మేమేమో బ్యాటరీని అనుమానించేవాళ్లం. కొంచెం పెట్రోలు బ్రష్‌తో రాసి జిగురు కరిగించి, ఆరనిచ్చాక మళ్లీ నొక్కితే పిన్ను లోపలికి పోయింది, సిలిండర్ జారి మావయ్య చేతిలోకి వచ్చింది. తాళం బొత్తిగా తిరగని బండికయితే డ్రిల్లు పెట్టి రేకులు పగలగొట్టడమే దారి, అలా చేసేటప్పుడు వెనకున్న స్విచ్‌ని ముందే విప్పి పక్కన పెట్టండి, ఇత్తడి పొట్టు అందులో పడితే షార్ట్.

మొత్తం గొట్టమే మార్చాల్సి వస్తే మాత్రం అది వేరే భాగోతం. దాన్ని స్టీరింగ్ కాలమ్‌కి బిగించే బోల్టులకి తలకాయలు ఉండవు, కంపెనీలో బిగించేటప్పుడే తల తెగిపోయేలా చేస్తారు, దొంగ స్పానర్ పెట్టకూడదని. ఉలితో అంచు మీద మెల్లగా కొడుతూ ఎడమవైపు తిప్పాలి, లేదా డ్రిల్ చెయ్యాలి. సిలిండర్‌తో పోయేదానికి దాని దాకా వెళ్లొద్దు.

బిగించడం విప్పినంత కష్టం కాదు. వెనక స్విచ్ గాడి ఎటు తిరిగి ఉందో చూసి, కొత్త సిలిండర్ తోకని అటే పెట్టి, తాళం ఏసీసీలో ఉంచి, పిన్ను నొక్కి లోపలికి తోస్తే బొక్క దగ్గరకి రాగానే టక్‌మని కూర్చుంటుంది. తోక గాడిలో పడకపోతే తాళం తిరుగుద్ది, బండి మాత్రం పలకదు, అప్పుడు కొత్త సామాను నకిలీదని షాపువాడి మీదకి పోకండి. కవరు మూసెయ్యకముందే అన్నీ చూసుకోవాలి. బ్యాటరీ వైరు పెట్టి ఏసీసీ, ఆన్, స్టార్ట్ ఒక్కొక్కటీ. స్టార్ట్ నుంచి వదిలితే వెనక్కి వస్తుందా. ఆన్‌లో లాగితే తాళం ఊడకూడదు. ఆఫ్ చేస్తే ఇంజన్ ఆగాలి. డీజిల్ బండికి ప్లగ్గు మంట అక్కర్లేదు కాబట్టి మంట ఆపి ఇంజన్ ఆపడం కుదరదు, పంపు మీదున్న సోలినాయిడ్, అంటే కరెంటుతో పనిచేసే కవాటం, డీజిల్ దారి మూస్తేనే ఆగుద్ది, ఆ సోలినాయిడ్‌కి కరెంటు ఆన్ వైరు నుంచే, అది ఆగితే దారి మూసుకుంటుంది. బండి నిలబెట్టి తాళం తీసి స్టీరింగ్ తిప్పి లాక్ పడుతుందా, మళ్లీ తాళం పెడితే విడుస్తుందా అన్నది ఆఖరున. మాకు అన్నీ కుదిరాయి. మిస్త్రీ కవరు స్క్రూలు బిగిస్తా "ఈ పని మీరే సేసీసినారు, నాకేటి మిగిలింది" అన్నాడు, అయినా కూలీ ఇచ్చాం, చోటు ఆయనది, ఊచ ఆయనది, పెట్రోలూ ఆయనదే.

ఇంక కొత్తదాంట్లో నూనె చుక్క పడకూడదని మావయ్యకి ఒట్టు వేయించాను. బిగుసుకుంటే గ్రాఫైట్ పొడి, అంటే పెన్సిల్ ములుకు నూరిన పొడి లాంటిదే, పొడిగా ఉంటుంది కాబట్టి దుమ్ము అంటదు. షాపులో ట్యూబు దొరుకుద్ది, దొరక్కపోతే మెత్తటి పెన్సిల్‌ని తాళం పళ్లకి రుద్ది నాలుగుసార్లు పెట్టి తియ్యండి.

రెండో గొడవ తాళాల గుత్తి. మావయ్య రింగుకి బండి తాళంతో పాటు గోడౌన్ తాళాలు, షాపు షట్టరు తాళాలు, మోటర్ సైకిల్‌ది, వీటన్నిటి మధ్యలో మా ఊరి కొమ్ము పనివాళ్లు చేసిన నల్ల చేప ఒకటి. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలంటే పేరున్నవి, ఆ చేప నిజంగానే బావుంటుంది, ఎవరికీ ఇవ్వడు. కానీ గతుకుల రోడ్డు మీద ఆ గుత్తి మొత్తం సిలిండర్‌కి వేలాడుతూ ఊగుతుంది, రోజంతా. ఇది నా చాదస్తం కాదు, అమెరికాలో జనరల్ మోటార్స్ 2014లో లక్షల కార్లు వెనక్కి పిలవాల్సి వచ్చింది ఇలాంటి కారణానికే, అక్కడ స్విచ్ పట్టు బలహీనంగా ఉండి, బరువైన గుత్తి ఊపుకో మోకాలు తగిలో తాళం ఆన్ నుంచి వెనక్కి జారేది, ఇంజన్ ఆగిపోయేది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. ఆ ప్రమాదాల్లో పోయిన 124 మంది కుటుంబాలకి పరిహారం కట్టారు. ఇది చెప్పాక మావయ్య బండి తాళం ఒక్కటీ విడిగా తీశాడు, చేప మాత్రం దానికే తగిలించాడు. సరే, కొమ్ము తేలికే కదా అని ఊరుకున్నాను.

పాత తాళాలు పారెయ్యకండి, ఇది చాలామందికి తట్టదు. రేపు ఖర్మకాలి బండి పోతే ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్‌కి సాధారణంగా అడిగేవాటిలో బండి తాళాలు రెండూ ఉంటాయి. ఒకటి లేకపోతే బండిలోనే వదిలేశావా అని కొర్రీ మొదలు. సిలిండర్ మార్చిన బిల్లు, పాత తాళాలు రెండు, కొత్తవాటిలో రెండోది, అన్నీ ఒక కవర్‌లో పెట్టి అత్తయ్య బీరువాలోకే పంపించాం. కొత్త తాళాలతో పాటు చిన్న రేకు ముక్క మీద ఒక నంబర్ వచ్చింది, అది తాళం కోడ్, దాంతో అరుగుదల లేని కొత్త తాళం కోయించుకోవచ్చు, దాన్ని రింగుకే వదిలేస్తే దొంగకి కూడా అదే ఉపయోగం, కాబట్టి అదీ కవర్‌లోకే.

డోర్లకి మాత్రం ఇంకా పాత తాళమే. డ్రైవర్ కుర్రోడు డోరు ఒక తాళంతో తీసి, బండి ఇంకో తాళంతో తీసి, ప్రతిసారీ తప్పుదే ముందు పెడుతున్నాడు, పైగా కొత్త సిలిండర్‌లో కూడా అలవాటు కొద్దీ గోరంత బయటికి లాగి పైకెత్తి తిప్పుతున్నాడు. ఆ పాత పట్టు మాన్పించడం సిలిండర్ మార్చడం కన్నా కష్టంగా ఉంది. డోర్ల లాకులు కూడా తెచ్చేద్దామా అని మావయ్య అడిగాడు, అనాస సీజన్ డబ్బులు రానీ చూద్దాం అన్నాను.